తీసుకున్నది తిరిగి ఇచ్చేదాకా

కెర్నెల్ మిమ్మల్ని పిలుస్తోంది. పరికరం కనబడింది, దీని సంగతి నువ్వు చూసుకో అంటోంది. ఇక్కణ్ణుంచి బాధ్యత మీదే.

బల్ల మీద అరచేయంత బోర్డు ఉంది. రేపు ఒక చెరువు గట్టున స్తంభానికి బిగించాల్సిన నీటిమట్టం మీటరు అది. బ్యాటరీ మీద నడుస్తుంది. బోర్డులోంచి ఒక సీరియల్ కేబుల్ మీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. నల్లటి తెర మీద బూట్ సందేశాలు గబగబా పైకి పోతున్నాయి. మీరు రాసిన లినక్స్ డ్రైవర్ ఇప్పుడే లోడ్ అయింది. అందులోని ప్రోబ్ ఫంక్షన్ మొదలైంది. ఆ ఫంక్షన్‌లో మొదటి లైను దగ్గర ఉన్నారు మీరు.

చేతులు ఖాళీ. పని మొదలవ్వాలంటే ఒక్కొక్కటే అడిగి తీసుకోవాలి.

ముందు మెమరీ. కేజడ్‌అలాక్‌ను అడుగుతారు. సున్నాలతో నింపిన ఒక ముక్క ఇస్తుంది. పరికరం గురించి మీరు గుర్తుపెట్టుకోవాల్సిందంతా అందులోనే రాసుకుంటారు. తర్వాత రిజిస్టర్లు. చిప్‌తో మాట్లాడాలంటే వాటిని కెర్నెల్ చిరునామాల్లోకి మ్యాప్ చేయించుకోవాలి. అదీ అయింది. తర్వాత రెగ్యులేటర్ ఆన్ చేస్తారు. సెన్సర్‌కి కరెంటు చేరింది. తర్వాత క్లాక్. అది నడవకపోతే చిప్‌లోని ఆ భాగం పలకదు. ఆన్ చేశారు. ఇక మిగిలింది ఇంటరప్ట్. కొత్త కొలత సిద్ధమైనప్పుడు చిప్ మిమ్మల్ని తట్టి లేపే దారి అదే. రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ పిలుస్తారు.

మైనస్ 16.

ఖాళీ లేదని అర్థం. ఆ ఇంటరప్ట్ లైను అప్పటికే ఇంకో డ్రైవర్ దగ్గరుంది.

ఇప్పుడేం చేస్తారు? వేళ్ళు వాటంతట అవే రిటర్న్ అని టైప్ చేస్తాయి. ఆగండి. మీ దగ్గర ఏమేం ఉన్నాయో చూసుకోండి. మెమరీ మీ దగ్గరే ఉంది. మ్యాపింగ్ ఉంది. రెగ్యులేటర్ ఆన్‌లో ఉంది. క్లాక్ నడుస్తోంది. నాలుగు వస్తువులు తీసుకుని, ఒక్కటీ తిరిగి ఇవ్వకుండా బయటికి పోతున్నారు.

మామూలు ప్రోగ్రాములో ఇలా చేసినా కొంప మునగదు. ప్రోగ్రామ్ ముగియగానే దాని మెమరీని, అది తెరిచిన ఫైళ్ళను కెర్నెల్ వెనక్కి తీసేసుకుంటుంది. ఇక్కడ మీరే కెర్నెల్. మీ వెనక సర్దేవాళ్ళు ఎవరూ లేరు. మళ్ళీ బూట్ చేసేదాకా ఆ మెమరీ ఎవరికీ పనికిరాదు. రెగ్యులేటర్‌ని ఆపేవాళ్ళు ఉండరు. చెరువు గట్టున ఆ బ్యాటరీ, ఏ పనీ చెయ్యని చిప్‌కి రాత్రీ పగలూ కరెంటు పంపుతూనే ఉంటుంది.

ఎప్పుడో ఒకసారి జరిగేదే కదా అనిపిస్తోందా? మళ్ళీ బూట్ చెయ్యండి. ఈసారి తెర మీద ఇంకో అంకె చూస్తారు. మైనస్ 517. మీరు అడిగిన రెగ్యులేటర్‌ను నడిపే డ్రైవర్ ఇంకా లేవలేదు, తర్వాత రమ్మని దానర్థం. ఇది తప్పు కాదు, బూట్ సమయంలో రోజూ జరిగేదే. మీరు అదే అంకెను తిరిగిచ్చేస్తే కెర్నెల్ మిమ్మల్ని వరసలో నిలబెట్టి, ఇంకో డ్రైవర్ లేచినప్పుడల్లా మళ్ళీ పిలుస్తుంది. పిలిచిన ప్రతిసారీ మీరు మెమరీ తీసుకుంటారు. మ్యాపింగ్ తీసుకుంటారు. మైనస్ 517తో వెళ్ళిపోతారు. ఒక్క బూట్ పూర్తయ్యేలోపే ఎన్నిసార్లు పారేసుకున్నారో చూశారా?

కాబట్టి తిరిగి ఇవ్వాలి. అదీ తీసుకున్న వరసకు తలకిందులుగా. చివర తీసుకున్నది ముందు, మొదట తీసుకున్నది ఆఖర్న. క్లాక్ ఆపాలి, రెగ్యులేటర్ ఆపాలి, మ్యాపింగ్ వదలాలి, మెమరీ వదలాలి. ఎందుకంటే తర్వాత వచ్చిన ప్రతిదీ ముందున్నదాని మీద ఆధారపడి ఉంది.

సీ భాషలో దీనికి పాత పద్ధతి గోటో. కాలేజీలో గోటో వాడొద్దని మీకు గట్టిగా చెప్పి ఉంటారు. లినక్స్ కెర్నెల్ కోడింగ్ నియమాల పత్రం మాత్రం ఇలాంటి చోట గోటో వాడమనే చెబుతుంది. ఫంక్షన్ అడుగున లేబుళ్ళు పేరుస్తారు. ఏ అడుగులో విఫలమైతే దానికి సరిపోయే లేబుల్‌కి దూకుతారు. అక్కణ్ణుంచి కిందికి జారుతూ అన్నీ వదిలేస్తారు.

రాశారు. నడిపారు. పనిచేసింది. ఊపిరి పీల్చుకున్నారు.

ఇప్పుడు కొలతలు వేగంగా తీసుకోవడానికి డీఎంఏ బఫర్ ఒకటి కావాలన్నారు. రెగ్యులేటర్‌కీ క్లాక్‌కీ మధ్య ఆ అడుగు ఇరికించారు. అది విఫలమైతే ఏ లేబుల్‌కి పోవాలి? కింద ఉన్నవాటిలో ఒకటి కాపీ చేసి పెట్టారు. మీ వెనక నిలబడి చూస్తున్న సీనియర్ తెర మీద వేలు పెడుతుంది.

"ఈ గోటో ఎక్కడికి పోతోంది?"

"క్లాక్ ఆపే లేబుల్‌కి, అక్కా."

"అప్పటికి నువ్వు క్లాక్ ఆన్ చేశావా?"

చెయ్యలేదు. ఆన్ చెయ్యని క్లాక్‌ను ఆఫ్ చేస్తున్నారు. కెర్నెల్‌లో ఒక్కో క్లాక్‌కి ఒక లెక్క ఉంటుంది. ఆన్ చేస్తే ఒకటి పెరుగుతుంది, ఆఫ్ చేస్తే ఒకటి తగ్గుతుంది. ఎవరు ఆన్ చేశారో, ఎవరు ఆఫ్ చేశారో అది చూడదు. అదే క్లాక్‌ను ఇంకో పరికరం కూడా వాడుకుంటూ ఉంటే, మీరు తగ్గించింది దాని ఒకటిని. లెక్క సున్నాకి వస్తుంది. క్లాక్ ఆగుతుంది. ఏ తప్పూ చెయ్యని ఆ పరికరం చచ్చిపోతుంది. దాని డ్రైవర్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు. ఎందుకంటే అది మీ డ్రైవర్‌లో ఉంది. అదీ, పరీక్షల్లో ఎవరూ నడపని దారిలో.

చేత్తో రాసే శుభ్రతకున్న అసలు ప్రమాదం ఇదే. నడిచే దారిని రోజూ వాడతారు. విఫలమయ్యే దారిని ఎవరూ వాడరు. కోడ్ మారినప్పుడల్లా ఆ దారి మౌనంగా పాడవుతూ ఉంటుంది.

"డెవ్‌ఎమ్ వాడు," అంటుంది ఆమె.

డెవ్‌ఎమ్ అనే పేరుతో మొదలయ్యే ఫంక్షన్లు కెర్నెల్‌లో చాలా ఉన్నాయి. వాటి వెనక ఉన్న యంత్రాంగం డెవ్‌రెస్. హార్డ్‌డిస్కుల డ్రైవర్ల కోసం ఉన్న లిబాటాను సరిచేస్తూ టెజున్ హియో దీన్ని రాశారు. 2007లో 2.6.21 కెర్నెల్‌తో వచ్చింది. పెళ్ళికి పందిరి, బిందెలు, గంగాళాలు అద్దెకిచ్చే కొట్టువాణ్ణి తలుచుకోండి. ఇచ్చిన ప్రతి వస్తువూ మీ పేరు మీద పద్దు రాసుకుంటాడు. అద్దె గడువు తీరగానే తనే బండి వేసుకొచ్చి, చివర రాసిన పద్దు నుంచి మొదలుపెట్టి అన్నీ పట్టుకుపోతాడు. డెవ్‌రెస్ చేసేది అదే. ప్రతి పరికరానికీ ఒక పద్దు ఉంటుంది. ప్రోబ్ మధ్యలో విఫలమైనా, రేపు పరికరం డ్రైవర్ నుంచి విడిపోయినా, ఆ పద్దును కింది నుంచి పైకి చదువుతూ అన్నీ వదిలేస్తుంది.

మీ చేతుల్లో కోడ్ కుదించుకుపోతోంది చూడండి. మెమరీ డెవ్‌ఎమ్‌తో. మ్యాపింగ్ డెవ్‌ఎమ్‌తో. డీఎంఏ బఫర్ డెవ్‌ఎమ్‌తో. ఇంటరప్ట్ డెవ్‌ఎమ్‌తో. లేబుళ్ళు పోయాయి. ఎక్కడ విఫలమైతే అక్కడే రిటర్న్. రెగ్యులేటర్, క్లాక్ మాత్రం పాత పద్ధతిలోనే ఉంచారు. పరికరం విడిపోయేటప్పుడు కెర్నెల్ పిలిచే రిమూవ్ ఫంక్షన్‌లో వాటిని చేత్తో ఆపుతున్నారు. రెండు లైన్లే కదా.

ఇక విడదీసి చూద్దాం. సిస్‌ఎఫ్‌ఎస్‌లో అన్‌బైండ్ అనే ఫైలు ఉంటుంది. అందులో పరికరం పేరు రాస్తే కెర్నెల్ దాన్ని డ్రైవర్ నుంచి విడగొడుతుంది. రాశారు. ఎంటర్ నొక్కారు.

మీ రిమూవ్ మొదలైంది.

క్లాక్ ఆగింది.

రెగ్యులేటర్ ఆగింది.

రిమూవ్ అయిపోయింది. ఇప్పుడు డెవ్‌రెస్ పద్దు తెరవాలి. ఇంటరప్ట్‌ను వదలాలి. ఇంకా వదల్లేదు.

సరిగ్గా అప్పుడే ఇంటరప్ట్ వచ్చింది.

దాని కోసం మీరు రాసిన హ్యాండ్లర్ లేచింది. రిజిస్టర్ చదవబోయింది. ఆ రిజిస్టర్‌కి క్లాక్ లేదు.

జవాబు రాదు.

తెర గడ్డకట్టింది. కర్సర్ కదలదు. ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. క్లాక్ లేని భాగాన్ని చదివితే కొన్ని చిప్‌లు తప్పు చూపిస్తాయి. కొన్నిట్లో చిప్ లోపలి బస్ అక్కడే నిలిచిపోతుంది, దానితోపాటు ప్రాసెసర్ కూడా. మీ బోర్డు ఆ రెండో రకం. మీరు వరస తప్పారు. చేత్తో ఆపినవి ముందు ఆగాయి, డెవ్‌రెస్ వదలాల్సింది తర్వాతకి మిగిలింది. సగం చేత్తో, సగం పద్దుతో అంటే ఇదే జరుగుతుంది.

కరెంటు తీసి మళ్ళీ పెట్టండి. కోడ్ తెరవండి. క్లాక్‌ను కూడా పద్దులోకి ఎక్కించండి. క్లాక్‌ను తీసుకుని ఆన్ చేసి, వదిలేటప్పుడు తనే ఆఫ్ చేసే డెవ్‌ఎమ్ ఫంక్షన్ ఇప్పుడు కెర్నెల్‌లో ఉంది. దేనికైనా అలాంటి ఫంక్షన్ లేకపోతే డెవ్‌ఎమ్ యాడ్ యాక్షన్ ఆర్ రీసెట్ వాడండి. ఇది వదిలేటప్పుడు నా ఈ ఫంక్షన్ పిలువు అని పద్దులో మీరే రాయించడం. పద్దు రాయడానికే మెమరీ దొరక్కపోతే, అది మీ ఫంక్షన్‌ను అక్కడికక్కడే పిలిచి అప్పుడు తప్పు చెబుతుంది. అంటే ఏ దారిన పోయినా రెగ్యులేటర్ ఆన్‌లో మిగిలిపోదు.

ఇప్పుడు వరస చూడండి. ఇంటరప్ట్‌ను ఆఖర్న తీసుకున్నారు, కాబట్టి ముందు అదే పోతుంది. హ్యాండ్లర్ నడుస్తూ ఉంటే అది ముగిసేదాకా కెర్నెల్ ఆగుతుంది. ఆ తర్వాతే క్లాక్. ఆ తర్వాతే రెగ్యులేటర్. మళ్ళీ అన్‌బైండ్ చెయ్యండి. తెర బతికే ఉంది.

ప్రోబ్ చక్కబడింది. మిగతా ఫంక్షన్ల సంగతి? కొలత పద్ధతి మార్చే ఐఓసీటీఎల్ తెరవండి. మొదట మ్యూటెక్స్ తాళం వేస్తున్నారు. తర్వాత యూజర్ ఇచ్చిన విలువ సరైనదేనా అని చూస్తున్నారు. కాకపోతే మైనస్ 22తో రిటర్న్. ఆ రిటర్న్‌కి ముందు తాళం తీశారా?

తియ్యలేదు.

తప్పు విలువ ఒక్కసారి పంపండి. మైనస్ 22 వచ్చింది. బాగానే ఉన్నట్టుంది. ఇప్పుడు నీటిమట్టం చదవండి. ప్రోగ్రామ్ ఆగిపోయింది. కంట్రోల్ సీ నొక్కండి. కదలదు. కిల్ 9 ఇవ్వండి. అయినా కదలదు. తాళం తీసేవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఈ పని 120 సెకన్లకు పైగా ఆగిపోయి ఉందని కాసేపటికి కెర్నెల్ తెర మీద రాస్తుంది.

ఈ చిన్న పరిధికి డెవ్‌ఎమ్ సరిపోదు. అది పరికరం ఉన్నంత కాలానికి. మీకు కావలసింది ఈ ఫంక్షన్ ముగిసేదాకా, అంతే. ఒక వేరియబుల్ పరిధి దాటగానే ఫలానా ఫంక్షన్ పిలవమని చెప్పే సదుపాయం జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో ఎప్పటినుంచో ఉంది. 2023లో పీటర్ జైల్‌స్ట్రా దాన్ని కెర్నెల్‌కి పనికొచ్చేలా మలిచారు. 6.5లో వచ్చింది. గార్డ్ అని రాసి మ్యూటెక్స్ పేరు చెబితే చాలు. ఏ రిటర్న్ దగ్గర బయటికి పోయినా తాళం దానంతటదే తెరుచుకుంటుంది. తాత్కాలిక బఫర్లకైతే ఫ్రీ అనే గుర్తు ఉంది. ఆ వేరియబుల్ పరిధి ముగియగానే మెమరీ వెనక్కి పోతుంది.

రెండు జాగ్రత్తలు ఇక్కడే చెయ్యి పట్టి చెప్పాలి. అలాంటి వేరియబుల్‌ను ఫంక్షన్ మొదట్లో ఖాళీగా ప్రకటించి, తర్వాతెప్పుడో విలువ పెట్టకండి. ఎక్కడ తీసుకుంటారో అక్కడే ప్రకటించండి. చివర ప్రకటించినదే ముందు వదులుతుంది కాబట్టి, ప్రకటన వరస తప్పితే వదిలే వరస కూడా తప్పుతుంది. రెండోది, ఒకే ఫంక్షన్‌లో గోటోనూ దీన్నీ కలపకండి. ఏదో ఒక పద్ధతి ఎంచుకోండి.

సరే. అన్నీ సర్దారు. ఇక చివరి పరీక్ష.

ఒక తెర మీద చిన్న ప్రోగ్రామ్ నడుస్తోంది. పరికరం ఫైలును తెరిచి ఉంచి, సెకనుకోసారి నీటిమట్టం చదివి చూపిస్తోంది. 240 సెంటీమీటర్లు. 240. 241. ఇంటరప్ట్ వచ్చినప్పుడల్లా హ్యాండ్లర్ కొత్త కొలతను మీ మెమరీ ముక్కలో రాస్తోంది. రీడ్ దాన్ని తీసి ఇస్తోంది.

రెండో తెర మీద అన్‌బైండ్ టైప్ చెయ్యండి.

ఫైలు తెరిచి ఉండగా డ్రైవర్ ఎలా పోతుంది అని మీకు సందేహం రావాలి. మాడ్యూల్ కోడ్ పోదు, అది మెమరీలోనే ఉంటుంది. పరికరం మాత్రం విడిపోతుంది. ఫైలు ఎవరు తెరిచి ఉంచారన్నది అన్‌బైండ్ చూడదు. యూఎస్‌బీ పరికరానికైతే ఈ కమాండ్ కూడా అక్కర్లేదు. ఎవరో కేబుల్ లాగితే చాలు.

ఎంటర్.

పరికరం విడిపోయింది. డెవ్‌రెస్ పద్దు మొత్తం చెల్లించింది. ఇంటరప్ట్, క్లాక్, డీఎంఏ బఫర్, రెగ్యులేటర్, మ్యాపింగ్. ఆఖర్న మెమరీ.

మొదటి తెర చూడండి.

241.

ఇంకా చదువుతోంది.

241.

ఎక్కణ్ణుంచి చదువుతోంది?

మీరు వదిలేసిన మెమరీ నుంచి. తెరిచిన ఫైలు దగ్గర పాత చిరునామా అలాగే ఉంది. గడువు తీరిందని కొట్టువాడు గంగాళాలు పట్టుకుపోయాడు. పంక్తిలో జనం ఇంకా తింటూనే ఉన్నారు.

241.

241.

0.

ఆ ముక్కను కెర్నెల్‌లో ఇంకెవరో తీసుకుని సున్నాలతో నింపారు. చెరువు నిండి ఉంది. మీ మీటరు నీళ్ళే లేవంటోంది. తప్పు చూపలేదు. కూలిపోలేదు. మామూలు గొంతుతో అబద్ధం చెబుతోంది. వానాకాలం రాత్రి ఆ అంకెను నమ్మి ఎవరో నిద్రపోతారు.

వదిలేసిన మెమరీని వాడటం దాడి చేసేవాళ్ళకి కూడా ఎంతో ఇష్టమైన సందు. ఆ ఖాళీ ముక్కలో తమకు కావలసింది పెట్టించగలిగితే, కెర్నెల్ దాన్ని నమ్మి నడుస్తుంది.

స్లాబ్ డీబగ్ ఆన్ చేసి మళ్ళీ నడపండి. ఇప్పుడు వదిలేసిన మెమరీని కెర్నెల్ ఒక గుర్తుతో నింపుతుంది. తెర మీద చిత్రమైన అంకె వస్తుంది. హెక్స్‌లోకి మార్చి చూడండి. 6బి 6బి 6బి 6బి. లాగ్‌లో ఎప్పుడైనా 6బి వరసగా కనిపిస్తే, చచ్చిన మెమరీని ముట్టుకున్నారని గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు కేసాన్ కూడా ఆన్ చెయ్యండి. 2015లో 4.0తో కెర్నెల్‌లోకి వచ్చిన కాపలా అది. మొదటి రీడ్ దగ్గరే పట్టేస్తుంది. ఎవరు ముట్టుకున్నారు, ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలారు అని మూడు జాబితాలు తెర మీద పరుస్తుంది. మూడోది చదవండి. అందులో డెవ్‌రెస్ రిలీజ్ ఆల్ అని ఉంది.

మీరు నమ్మిన యంత్రమే వదిలేసింది. అది తన పని సరిగ్గానే చేసింది. పరికరం ఉన్నంతవరకూ ఉంచమన్నారు, ఉంచింది. ఫైలు తెరిచి ఉన్నంతవరకూ ఉంచమని మీరు చెప్పలేదు. 2022లో లినక్స్ ప్లంబర్స్ సదస్సులో లోరాన్ పాంషార్ మెమరీని డెవ్‌ఎమ్‌తో తీసుకోవడం హానికరమని గట్టిగా వాదించింది ఈ కారణంతోనే.

మందు ఏమిటి? ఆ ఒక్క మెమరీ ముక్కను డెవ్‌ఎమ్ నుంచి బయటికి తియ్యండి. దానికి కేరెఫ్‌తో ఒక లెక్క పెట్టండి. ప్రోబ్ ఒకటి, తెరిచిన ప్రతి ఫైలూ ఒకటి. అన్‌బైండ్ తన ఒకటి తగ్గిస్తుంది, ఫైలు మూసినవాళ్ళు తమ ఒకటి తగ్గిస్తారు. లెక్క సున్నా అయినప్పుడే మెమరీ పోవాలి. పరికరం పోయిందన్న గుర్తు ఒకటి అందులో ఉంచండి. రిమూవ్‌లో తాళం వేసి ఆ గుర్తు పెట్టండి. రీడ్ తాళం వేసి ముందు ఆ గుర్తు చూడాలి, పరికరం పోయి ఉంటే మైనస్ 19 ఇవ్వాలి. గ్రాఫిక్స్ డ్రైవర్లకి ఈ పని చేసిపెట్టే సొంత యంత్రాంగం డీఆర్‌ఎమ్‌లో ఉంది. ఆఖరి వాడుకరి వదిలాకే అది మెమరీని వదులుతుంది.

మళ్ళీ నడపండి. 241. 241. అన్‌బైండ్.

మైనస్ 19. పరికరం లేదు.

ఇది నిజం. మీటరు తనకు తెలియదని చెబితే గట్టు మీదికి ఎవరో ఒకరు వెళ్ళి చూస్తారు.

డ్రైవర్‌ను బయటికి పంపే ముందు రెండు పనులు చెయ్యండి. కెర్నెల్‌లో ఫెయిల్‌స్లాబ్ అని ఉంది, మెమరీ అడిగినప్పుడు కావాలనే లేదనిపిస్తుంది. దాన్ని ఆన్ చేసి, ప్రోబ్‌లోని ప్రతి అడుగునూ ఒక్కసారైనా విఫలం చెయ్యండి. తర్వాత ఫైలు తెరిచి, చదువుతూ ఉండగానే పరికరాన్ని విడగొట్టండి. కేసాన్ ఆన్‌లో ఉంచి, ఎక్కడా తడబడటం లేదని తేలేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యండి.

ఆటోమేటిక్ శుభ్రత మీ వేళ్ళకి పని తగ్గిస్తుంది. గార్డ్ వాడండి, డెవ్‌ఎమ్ వాడండి, చేత్తో రాసే గోటోల కన్నా అవి వెయ్యి రెట్లు నయం. కానీ ఒక వస్తువును చివరిగా వాడేది ఎవరు అన్న ప్రశ్నకి జవాబు ఏ యంత్రమూ మీ తరఫున చెప్పదు. ఆ వస్తువును తీసుకునే లైను రాస్తున్నప్పుడే మీరు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ లైను ఇంకా రాయకండి.